హమాలికి దీర్ఘం పెడితే అరుస్తుందా? డేటాక్లాస్, ఆట్ర్స్, పైడాంటిక్ వాడి చూశాక

మలక్‌పేట గంజ్‌లో కమీషన్ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం నా పని. ఎక్కువగా ఉల్లిగడ్డ, మిరప దుకాణాలు. సరుకు అమ్ముడయ్యాక రైతు చేతికిచ్చే తక్‌పట్టీ మా ప్రోగ్రాం నుంచే ప్రింటవుతుంది. దాని వెనక పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక క్లాస్, అంటే ప్రతి పట్టీకీ వాడే అచ్చు, ఉంది. రైతు పేరు, ఊరు, లాట్ నంబరు, సరుకు, బస్తాలు, బరువు, తరుగు, రేటు, హమాలి, కమీషన్, అడ్వాన్స్: ఈ పదకొండూ కన్‌స్ట్రక్టర్‌కి, అంటే ఆ అచ్చుతో ఒక్కో పట్టీని (ఆబ్జెక్ట్‌ని) తయారుచేసే ఫంక్షన్‌కి, పారామీటర్లుగా వస్తాయి. వచ్చినవాటిని లోపల ఒక్కొక్కటిగా, కోడ్‌లో సెల్ఫ్ అని పిలిచే ఆ ఆబ్జెక్ట్‌కి తగిలించాలి. సెల్ఫ్ డాట్ రేటు ఈక్వల్ టు రేటు, సెల్ఫ్ డాట్ బరువు ఈక్వల్ టు బరువు, అలా కిందికి పదకొండు లైన్లు. ఒక్కో పేరు మూడు చోట్ల రాయాలి: బ్రాకెట్లో ఒకసారి, ఈక్వల్ టుకి అటొకసారి, ఇటొకసారి. కొత్తగా ఒక ఖర్చు చేర్చాలంటే మళ్ళీ మూడు చోట్ల వేలు పెట్టాలి.

ఈ చాకిరీ తప్పించే సరుకు, అంటే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలు, పైథాన్ బజారులో చాలానే ఉంది, అన్నీ ఉచితమే. నేను వాడిన మూడింటి గురించే ఇక్కడ చెబుతాను. నేను మార్కులు వేసేది టైపింగ్ ఎంత తగ్గిందని కాదు, తప్పు పేరు వస్తే గట్టిగా అరుస్తుందా లేదా అని. ఎందుకో చెప్పాలంటే ఒక పాత కథ చెప్పాలి.

ఒక దుకాణంలో నాకంటే ముందు ఎవరో చేసిపెట్టిన ప్రోగ్రాం నడిచేది. అది రాసినవాళ్ళు పదకొండు లైన్లూ ఎగ్గొట్టి ఒక్క లైన్‌తో పని కానిచ్చారు. వచ్చిన కీవర్డ్ ఆర్గ్యుమెంట్లన్నీ (పేరుతో సహా ఇచ్చే విలువలు) సెల్ఫ్ డాట్ డండర్ డిక్ట్ డాట్ అప్‌డేట్‌కి ఇచ్చేయడమే. ఆబ్జెక్ట్ ఆట్రిబ్యూట్లు, అంటే దానికి తగిలించిన పేర్లు, విలువలు, మామూలుగా డండర్ డిక్ట్ అనే ఆ డిక్షనరీలోనే ఉంటాయి కాబట్టి ఒక్క దెబ్బకి అన్నీ ఎక్కేస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. క్లాస్ పైన మాత్రం హమాలి ఈక్వల్ టు సున్నా అని ఒక డిఫాల్ట్ (ఏ విలువా రాకపోతే వాడేది) ఉంది. సీజన్ మధ్యలో ఎవరో స్క్రీన్ వైపు కోడ్‌లో ఆ పేరుకి దీర్ఘం ఇచ్చి 'హమాలీ' చేశారు. క్లాస్ వైపు 'హమాలి' అలాగే ఉండిపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. దీర్ఘం ఉన్న హమాలీ కొత్త ఆట్రిబ్యూట్‌గా వచ్చి కూర్చుంది, లెక్క మాత్రం దీర్ఘం లేని హమాలినే చూసింది. అక్కడ సున్నా. రైతుకి కట్టింగ్ లేకుండా పట్టీ పోయింది, హమాలీలకు డబ్బులు దుకాణం గల్లా నుంచి పోయాయి. రాత్రి క్యాష్ కలవలేదు. "మేడం, లెక్క రోజూ ఒకే వైపు తప్పుతోంది, దొంగ బయటివాడు కాదు" అని ఆ దుకాణం ఓనరు పిలిచారు. ఆయన అన్నది నిజమే, దొంగ ఒక దీర్ఘం.

అన్నట్టు, పేర్లు తెలుగులో ఉండటమేంటి అనుకునేవాళ్ళకి: పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. మా గంజ్ కోడ్‌లో ఫీల్డుల పేర్లన్నీ తెలుగే. దుకాణం గుమాస్తా కూడా స్క్రీన్ మీద చూసి ఏది ఏంటో చెప్పగలడు. ఒక్క చిక్కుంది. తక్‌పట్టీ అనే మాటలో 'క్'కీ 'ప'కీ మధ్య, అవి ఒత్తుగా కలిసిపోకుండా, కంటికి కనిపించని ఒక అక్షరం టైప్ అవుతుంది. ఆ అక్షరం పేరులో ఉంటే పైథాన్ ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అందుకే మా క్లాస్ పేరు ఉత్తి 'పట్టీ'.

మొదటి సరుకు డేటాక్లాస్. పైథాన్‌తోనే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేసేదేం లేదు. ఎరిక్ వి. స్మిత్ రాసిన పెప్ 557 ప్రతిపాదనతో 2018లో పైథాన్ 3.7లో చేరింది. క్లాస్ పైన ఒక డెకరేటర్ (ఎట్ గుర్తుతో మొదలయ్యే లైన్) పెట్టి, కింద రేటు కోలన్ ఫ్లోట్ (దశాంశ సంఖ్య), బస్తాలు కోలన్ ఇంట్ (పూర్ణాంకం) అని ఒక్కో పేరు ఒక్కసారి రాస్తే చాలు. మనం చేత్తో రాసే ఇనిట్‌నే (పైథాన్‌లో కన్‌స్ట్రక్టర్ పేరు అదే) అది మన బదులు తయారుచేస్తుంది. నిజంగానే కోడ్ టెక్స్ట్ తయారుచేసి, క్లాస్ పుట్టేటప్పుడే దాన్ని నడిపి ఫంక్షన్‌గా మారుస్తుంది. కాబట్టి ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు చేత్తో రాసినదానికీ దీనికీ వేగంలో తేడా పట్టించుకోనక్కర్లేదు.

ఇక పరీక్ష. దీర్ఘం పెట్టిన హమాలీని కన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చాను. వెంటనే టైప్ ఎర్రర్: ఈ పేరుతో ఆర్గ్యుమెంట్ నాకు తెలియదు పొమ్మంది. పైథాన్ 3.13 నుంచైతే ఇలాంటి చోట దగ్గరి పేరు చూసి ఇదా మీరనుకున్నది అని కూడా అడుగుతుంది. ఇంతవరకు భేష్.

కానీ అక్కడే ఆగిపోతే రివ్యూ సగమే. ఆబ్జెక్ట్ తయారయ్యాక, కింద ఇంకెక్కడో పట్టీ డాట్ హమాలీ ఈక్వల్ టు 20 అని దీర్ఘంతో రాశాననుకోండి. మామూలు డేటాక్లాస్ కిక్కురుమనదు. కొత్త ఆట్రిబ్యూట్ పుట్టేస్తుంది, పాత కథ మళ్ళీ మొదలు. అంటే గేటు దగ్గర మాత్రమే కాపలా, లోపలికి వచ్చాక లేదు. దీనికి మందు స్లాట్స్ ఈక్వల్ టు ట్రూ. అది పెడితే రాసిన పేర్లు తప్ప వేరే పేరు ఎక్కనివ్వదు. అయితే ఈ సదుపాయం పైథాన్ 3.10లో గానీ రాలేదు. గంజ్‌లో ఇప్పటికీ విండోస్ 7 నడిచే కంప్యూటర్లున్నాయి. దుమ్ము, మిరప ఘాటు, కరెంటు కోతలు అన్నీ తట్టుకుని నడుస్తున్న పెట్టెని మార్చమంటే ఏ ఓనరూ వినడు. విండోస్ 7 మీద పైథాన్ 3.8 దాటి ఎక్కదు. అంటే స్లాట్స్ సదుపాయం పుస్తకంలో చదువుకోవాల్సిందే.

అదే 3.10లో వచ్చిన ఇంకో సదుపాయం కీవర్డ్ ఓన్లీ, అది కూడా ఆ పెట్టెల్లో లేదు. దాని లోటు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. 'చీటీ' అనే తల్లి క్లాస్‌లో అడ్వాన్స్‌కి డిఫాల్ట్ సున్నా పెట్టి, దాని కింద 'పట్టీ' అనే పిల్ల క్లాస్‌లో డిఫాల్ట్ లేని రేటు రాస్తే డేటాక్లాస్ మొండికేస్తుంది. డిఫాల్ట్ ఉన్నదాని తర్వాత డిఫాల్ట్ లేనిది రాకూడదని దాని పట్టు. తల్లి ఫీల్డులు ముందు, పిల్లవి వెనక అనేది దాని వరస. పేర్లు చెప్పే పిలవాలి అని కీవర్డ్ ఓన్లీ పెడితే ఈ పేచీ పోతుంది. అది లేని చోట అన్ని ఫీల్డులకీ ఉత్తుత్తి డిఫాల్టులు పెట్టడం చూశాను చాలామంది కోడ్‌లో. అలా పెడితే రేటు ఇవ్వడం మర్చిపోయినా పట్టీ తయారవుతుంది, సున్నా రూపాయలకి. దానికన్నా తల్లి క్లాస్‌ని తీసేయడం నయం. నేను అదే చేస్తాను.

ఒక పని మాత్రం డేటాక్లాస్ ఎంతో బాగా చేస్తుంది. లాట్లు అనే ఫీల్డుకి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ రాయబోతే క్లాస్ తయారవకముందే వాల్యూ ఎరర్ ఇచ్చి, డిఫాల్ట్ ఫ్యాక్టరీ (ప్రతి ఆబ్జెక్ట్‌కీ కొత్త లిస్ట్ చేసిచ్చేది) వాడమంటుంది. చేత్తో రాసే ఇనిట్‌లో ఆ ఖాళీ లిస్ట్ పెడితే పైథాన్ ఏమీ అనదు. ఆ లిస్ట్ ఫంక్షన్ పుట్టినప్పుడు ఒక్కసారే తయారై అన్ని ఆబ్జెక్టులకీ ఉమ్మడి ఆస్తి అవుతుంది. కల్వకుర్తి రైతు లాటు కర్నూలు రైతు పట్టీలో కనిపిస్తుంది. ఆ తలనొప్పి ఇక్కడ పుట్టకముందే పోతుంది.

ప్రింట్ చేస్తే ఆబ్జెక్ట్ లోపలి విలువలన్నీ కనిపించడం ఇంకో లాభం. ఇదివరకు ఏదైనా తేడా వస్తే గుమాస్తా స్క్రీన్ ఫొటో వాట్సాప్‌లో పంపేవాడు, అందులో పట్టీ ఆబ్జెక్ట్ ఎట్ అని ఒక మెమరీ అడ్రస్ తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు బస్తాలెన్ని, బరువెంత, రేటెంత అన్నీ ఫొటోలోనే ఉంటాయి, మెట్రోలో నిలబడి కూడా లెక్క చూసేయొచ్చు. రైతు ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఫీల్డులుంటే వాటికి మాత్రం రెప్ర్ ఈక్వల్ టు ఫాల్స్ పెట్టండి. లేకపోతే అవి కూడా ఆ ఫొటోలో ఊరేగుతాయి.

చాలామంది పొరబడే విషయం టైపులు. రేటు కోలన్ ఫ్లోట్ అని రాశాం కదా, తప్పు టైపు వస్తే ఆపుతుంది అనుకుంటారు. ఆపదు. బస్తా మీద తేజ మిర్చి అని రాసి ఉన్నంత మాత్రాన లోపల అదే ఉందని ఎవరూ హామీ ఇవ్వరు, ఇదీ అంతే. స్క్రీన్ టెక్స్ట్ బాక్స్ నుంచి బస్తాకి హమాలి అంకె కాకుండా కొటేషన్లలో ఉన్న '20' అనే టెక్స్ట్‌గా వచ్చిందనుకోండి. బస్తాలు 3. మూడింటిని ఆ '20'తో గుణిస్తే పైథాన్‌కి అది తప్పు లెక్క కాదు, ఆ టెక్స్ట్‌నే మూడుసార్లు రాసిపెడుతుంది: 202020. అరవై రూపాయల హమాలి పట్టీ మీద రెండు లక్షల రెండు వేల ఇరవై అవుతుంది. ఇది డేటాక్లాస్‌లో ఆపాలంటే పోస్ట్ ఇనిట్ అనే ఫంక్షన్ రాసి అందులో మనమే చూసుకోవాలి. ఆబ్జెక్ట్ నిండాక అది దానంతటదే నడుస్తుంది. నికర బరువు లాంటివి, అంటే బరువులోంచి తరుగు తీసేసినవి, లెక్కగట్టడానికి కూడా అదే చోటు.

రెండో సరుకు ఆట్ర్స్. నిజానికి డేటాక్లాస్‌కి ఇది అక్కలాంటిది. హైనెక్ ష్లావాక్ 2015లో తెచ్చారు, డేటాక్లాస్ వచ్చింది దాని తర్వాతే. అప్పట్లో దీన్నే పైథాన్‌లో కలిపేయొచ్చు కదా అనే ప్రశ్న వచ్చింది. ఆట్ర్స్ మారే వేగం పైథాన్ సొంత లైబ్రరీ వేగానికి సరిపోదని, అందులోని వ్యాలిడేటర్లు (విలువని తనిఖీ చేసేవి), కన్వర్టర్లు (విలువ టైపు మార్చేవి) లాంటివి తాము చేర్చడం లేదని పెప్ 557లోనే సమాధానం ఉంది. నాకు పనికొచ్చేవి సరిగ్గా ఆ వదిలేసినవే.

డిఫైన్ అనే డెకరేటర్ వాడితే ఆట్ర్స్‌లో స్లాట్స్ అడగకుండానే వస్తుంది. దీర్ఘం పరీక్షలో కన్‌స్ట్రక్టర్ దగ్గరా అరిచింది, తర్వాత పట్టీ డాట్ హమాలీ అని రాసినప్పుడూ అరిచింది. పైథాన్ 3.8లో కూడా. హమాలి ఫీల్డుకి కన్వర్టర్‌గా ఇంట్ అని పెడితే టెక్స్ట్‌గా వచ్చిన '20' లోపలికి వచ్చేసరికి అంకె 20 అయిపోతుంది. వ్యాలిడేటర్ పెట్టి రేటు సున్నా కన్నా ఎక్కువ ఉండాలి అనొచ్చు. ఈ తనిఖీ కన్‌స్ట్రక్టర్‌లోనే కాదు, తర్వాత ఎప్పుడు రేటు మార్చినా జరుగుతుంది. కీవర్డ్ ఓన్లీ దీనికి ఎప్పటినుంచో ఉంది. నెట్ సరిగా లేని దుకాణంలో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి ఎక్కించవచ్చు, అంతా పైథాన్‌లోనే రాసింది కాబట్టి ఏ పెట్టెలోనైనా ఒకటే ఫైలు. 3.8కి సరిపోయే వెర్షన్ చూసుకుని తీసుకెళ్ళాలి, అంతే.

విసుగు పుట్టించేది ఒకటుంది. ఇంటర్నెట్‌లో ఆట్ర్స్ గురించి వెతికితే సగం చోట్ల పాత పద్ధతి, అంటే ఆట్ర్ డాట్ ఎస్, ఆట్ర్ డాట్ ఐబీ అని ఉంటుంది. మిగతా సగంలో డిఫైన్, ఫీల్డ్ అనే కొత్త పద్ధతి. రెండూ పనిచేస్తాయి, కానీ పాత దాంట్లో స్లాట్స్ దానంతటది రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు రెండూ కలిపి కిచిడీ చేస్తారు. మా దగ్గర పనిచేసే అబ్బాయి అమీర్‌పేటలో జావా కోర్సు చేసి వచ్చాడు. ఎక్లిప్స్ అనే కోడ్ ఎడిటర్‌లో ఒక మెనూ నొక్కితే కన్‌స్ట్రక్టర్ మొత్తం అదే రాసిపెట్టేది కాబట్టి పైథాన్‌లో ఈ డెకరేటర్ల గోల ఏంటని మొదట్నుంచీ గొణుగుడే.

"అక్కా, డిక్ట్ డాట్ అప్‌డేట్ లోకల్స్ అంటే ఒక్క లైన్ల అయిపోతది కదా, ఇన్ని ఎందుకు?"

"పెట్టి చూడు, తర్వాత పట్టీ లోపల ఏముందో ప్రింట్ చెయ్యి."

చేశాడు. లోకల్స్‌లో ఇనిట్ లోపలి పేర్లన్నీ ఉంటాయి, సెల్ఫ్‌తో సహా. అందుకే పట్టీలో రేటు, బరువుతో పాటు సెల్ఫ్ అనే ఆట్రిబ్యూట్ కూడా వచ్చింది, అంటే పట్టీ తనలో తననే దాచుకుంది. తననే తాను పట్టుకుని ఉన్న ఆబ్జెక్ట్‌ని పని అయిపోగానే పైథాన్ వెంటనే వదిలించుకోలేదు. చెత్త ఏరే గార్బేజ్ కలెక్టర్ వచ్చేదాకా అది మెమరీలో అలాగే ఉంటుంది. రేటు తనిఖీకి ప్రాపర్టీ (విలువ ఇవ్వగానే నడిచే ఫంక్షన్) రాసుకుని ఉంటే ఈ ఒక్క లైన్ దాన్ని కూడా పక్కదారిలో దాటిపోతుంది, ఎందుకంటే డిక్షనరీలో నేరుగా రాస్తే ప్రాపర్టీకి కబురే అందదు. ఒక్కొక్కటిగా సెట్ఆట్ర్‌తో పెడితే అందుతుంది, కానీ తప్పు పేరుని అదీ ఆపదు. పైగా ఎడిటర్‌లో పట్టీ డాట్ అని కొట్టి ఆగితే ఏ పేర్లూ చూపించదు, ఏవి ఉన్నాయో దానికీ తెలియదు కాబట్టి. అబ్బాయికి అన్నిటికన్నా ఇదే బాధనిపించింది, టైపింగ్ అంటే వాడికి అసలే చిరాకు.

మూడోది పైడాంటిక్. దీని మీద నాకు గౌరవం ఉంది, కొంచెం కోపం కూడా ఉంది. గోదాం దగ్గర ఫోన్‌లో కొట్టిన ఎంట్రీలు జేసన్‌గా (డేటాని టెక్స్ట్ రూపంలో పంపే పద్ధతి) మా సర్వర్‌కి వస్తాయి. అలా బయటినుంచి వచ్చేదాన్ని పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు. టెక్స్ట్ '20'ని అడక్కుండానే అంకె చేస్తుంది. రేటు బదులు 'తర్వాత చెప్తా' అని కొడితే ఒప్పుకోదు. ఒక ఎంట్రీలో నాలుగు తప్పులుంటే మొదటిదాని దగ్గరే ఆగిపోకుండా నాలుగూ ఒకేసారి చెబుతుంది. గోదాంలో ఉన్న మనిషికి ఒకే ఫోన్‌తో పని అయిపోతుంది.

మరి దీర్ఘం పరీక్ష? ఇక్కడే కోపం. పైడాంటిక్ ఇచ్చే బేస్ మోడల్ అనే తల్లి క్లాస్ నుంచి క్లాస్ చేసి, హమాలికి డిఫాల్ట్ సున్నా పెట్టి, దీర్ఘం ఉన్న హమాలీని పంపాను. ఏమీ అనలేదు. తెలియని పేరు వస్తే చడీచప్పుడు లేకుండా పారేయడం దాని మామూలు పద్ధతి. పట్టీ తయారైంది, హమాలి సున్నా. పాత దుకాణంలో ఏం జరిగిందో అదే, ఇంకా శుభ్రంగా. ఎక్స్‌ట్రా అనే సెట్టింగ్‌ని ఫర్బిడ్‌కి మారిస్తే అప్పుడు అరుస్తుంది. బయటి కంపెనీలు పంపే డేటాలో మనకి అక్కర్లేని ఫీల్డులు బోలెడు ఉంటాయి కాబట్టి అలా పెట్టి ఉంటారు, అర్థం చేసుకోగలను. కానీ డబ్బుల లెక్క ఉన్న క్లాస్‌లో ఆ సెట్టింగ్ మార్చకుండా నేను ఒక్క ఫైలూ బయటికి వదలను. హమాలికి డిఫాల్టే పెట్టకపోయినా పైడాంటిక్ ఆ ఫీల్డు లేదని ఆపేది, అది వేరే మాట. డిఫాల్ట్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనేది ఏ లైబ్రరీ తేల్చిపెట్టదు. మా దాంట్లో ఇప్పుడు అడ్వాన్స్‌కి తప్ప దేనికీ డిఫాల్ట్ లేదు.

2023లో వచ్చిన పైడాంటిక్ 2 లోపలి ఇంజిన్ రస్ట్ భాషలో రాశారు. వేగం పెరిగింది కానీ ఆట్ర్స్ లాగా ఒకటే ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళి ఎక్కడైనా ఎక్కించడం కుదరదు, పైథాన్ వెర్షన్‌కీ ఆ పెట్టెకీ సరిపోయే ఫైలే కావాలి. అందుకని నేను దీన్ని సర్వర్ దాటి దుకాణాల్లోకి రానివ్వలేదు.

ఫ్రోజెన్ గురించి ఒక మాట, ఇది డేటాక్లాస్‌లోనూ ఆట్ర్స్‌లోనూ ఉంది. పట్టీ ప్రింటయి రైతు చేతికి వెళ్ళాక అందులో ఎవరూ ఏదీ మార్చకూడదు. ఫ్రోజెన్ పెడితే ఆట్రిబ్యూట్‌కి మళ్ళీ విలువ ఇవ్వబోతే ఎర్రర్ వస్తుంది, తప్పు పేరైనా సరే. అంటే స్లాట్స్ లేని ఆ పాత 3.8 డేటాక్లాస్‌లో కూడా దీర్ఘం సమస్యకి ఇదొక మందు. సవరణ కావాలంటే డేటాక్లాస్‌లో రీప్లేస్, ఆట్ర్స్‌లో ఈవాల్వ్ వాడి కొత్త పట్టీ పుట్టించాలి, పాతది పాతదిగానే ఉంటుంది. గంజ్‌లో కాగితం మీద చేసేదీ అదే కాబట్టి గుమాస్తాలకి అర్థం చెప్పడం తేలికైంది. లోపల లాట్ల లిస్ట్ ఉంటే మాత్రం జాగ్రత్త, లిస్ట్‌ని మార్చి వేరేది పెట్టనివ్వదు గానీ ఉన్న లిస్ట్‌లోకి ఇంకో లాటు తోయడాన్ని ఆపదు. మేము లిస్ట్ తీసేసి టపుల్ (తర్వాత మార్చలేని లిస్ట్ లాంటిది) పెట్టాం.

ఇప్పుడు ఏ దుకాణంలో ఏది నడుస్తోందంటే, విండోస్ 7 పెట్టెల్లో ఆట్ర్స్, కొత్త కంప్యూటర్లున్న చోట స్లాట్స్, కీవర్డ్ ఓన్లీ, ఫ్రోజెన్ మూడూ పెట్టిన డేటాక్లాస్, సర్వర్‌లో ఫర్బిడ్ పెట్టిన పైడాంటిక్. అన్నిటినీ ఒకే దానికి మార్చేద్దామని అబ్బాయి పోరుతున్నాడు. సీజన్ అయ్యాక చూద్దాం అన్నాను.

వీటిలో దేనికీ మార్చని క్లాస్ ఒకటుంది, ఎలక్ట్రానిక్ కాటాతో మాట్లాడేది. దానికి వచ్చే పారామీటర్లు రెండే, పోర్ట్ పేరు, స్పీడు. కానీ దాని కన్‌స్ట్రక్టర్ విలువలు దాచుకుని ఊరుకోదు, సీరియల్ పోర్ట్ తెరవాలి, కాటా పలుకుతోందా లేదా చూడాలి, పలక్కపోతే స్క్రీన్ మీద చెప్పాలి. ఇలాంటివి రెండు ఒకేలా ఉన్నాయా అని పోల్చే అవసరం ఎప్పుడూ రాదు, కాపీ తీసే అవసరమూ రాదు. అక్కడ సెల్ఫ్ డాట్ పోర్ట్ ఈక్వల్ టు పోర్ట్ అని చేత్తోనే రాసి ఉంది, అలాగే ఉంచాను.